గది దాటిన మాట

ప్రియమైన అక్కకి,

ఫోన్‌లో మాట్లాడితే కోపమొచ్చి మధ్యలో పెట్టేస్తున్నానని, ఇక మీదట ఉత్తరాలే రాయమని ఆర్డరు వేశావు కదా, రాస్తున్నాను. ఫోన్ అయితే విసిరికొట్టొచ్చు. కాగితాన్ని విసిరికొట్టినా మళ్ళీ ఏరుకోవాల్సింది నేనే.

నువ్వడిగినదానికి జవాబు: అవును, గురువారం క్లాసుకి వెళ్తున్నాను. వెళ్ళకపోతే ఊరుకుంటారా? ఊరు దాటకూడదు, ఎవరితోనూ గొడవ పడకూడదు, సోమవారం సోమవారం వచ్చి సంతకం పెట్టాలి. ఇవన్నీ చాలనట్టు ప్రొబేషన్ షరతుల్లో ఇప్పుడు ఇంకొకటి కలిపారు. గురువారం సాయంత్రం ఆఫీసు మేడమీద గదిలో కూర్చుని మనశ్శాంతి పొందాలి. పొందామని అక్కడ ఒక సారు సంతకం పెడతాడు. మనశ్శాంతికి హాజరు పట్టీ పెట్టొచ్చని కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, ఎదురుపడితే మాత్రం... సరే, రాయనులే. నువ్వు బాధపడతావు.

ఆ సారు ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు. మాతో వచ్చే బస్సు డ్రైవరు ఆయనకి 'నవ్వుల సారు' అని పేరు పెట్టాడు. కుర్చీలు గుండ్రంగా వేయించి, "దేవుణ్ణి తలుచుకుని మీ మనసులో బరువు ఇక్కడ దించుకోండి. ఈ గదిలో అన్న మాట ఈ గది దాటదు" అంటాడు. కింద ప్రొబేషన్ ఆఫీసరమ్మ కుర్చీ, పైన మా కుర్చీలు, మధ్యలో ఒక్క శ్లాబు. దించుకోమంటే ఎవడు దించుకుంటాడక్కా? అందరం ఒళ్ళో చేతులు పెట్టుకుని ఫ్యాను వైపు చూస్తాం. ఆ ఫ్యాను కూడా తిరగదు.

సోమవారాలైతే ఇంకా చూడాలి. కింద బెంచీ మీద కూర్చున్న ప్రతివాడూ పెదాలు కదుపుతూ ఏదో ఒకటి గొణుక్కుంటాడు. డ్రైవరు లోపలికి వెళ్ళేముందు తలుపుని ముట్టుకుని కళ్ళకద్దుకుంటాడు. అటెండరు ఒకరోజు, "లోపలున్నది ఆఫీసరయ్యా, దేవుడు కాదు" అన్నాడు. డ్రైవరు ఏమన్నాడో తెలుసా? "దేవుడు ఎంత కోపమొచ్చినా లైసెన్సు పీకెయ్యడు బాబూ. అందుకే దణ్ణం ఈవిడకి."

నాకు మాత్రం నవ్వు రావట్లేదు. గ్యాసు పోయిందో లేదో చూడకుండా మనుషుల్ని ట్యాంకులోకి దింపింది ఆ సూపర్‌వైజరు. చేతులు కాలింది నా పక్కన పనిచేసేవాడికి. నేను చేసిందల్లా ఆ సూపర్‌వైజరు దవడ పగలగొట్టడమే. ఇప్పుడు వాడు మేనేజరయ్యాడు. నేను మనశ్శాంతి నేర్చుకుంటున్నాను.

ఇంకో నాలుగు నెలలు. బాయిలర్ ఫ్యాక్టరీ వాళ్ళు నా వెల్డింగు చూసి పనిలోకి తీసుకుంటామన్నారు. కానీ కేసు అయిపోయిందని కాగితం, నడవడి బాగుందని ఆఫీసరమ్మ రిపోర్టు, రెండూ కావాలట. అప్పటిదాకా ఆ ఉద్యోగం ఖాళీగా ఉంచుతామన్నారు. నలభై దగ్గరపడుతున్నాయి, ఇంకెవడు పిలిచి ఉద్యోగమిస్తాడు? ఆ ఒక్క ఆశతోనే నోరు మూసుకుని ఆ కుర్చీలో కూర్చుంటున్నాను.

అన్నట్టు, పూచీ పడ్డావని నెలనెలా ఆఫీసరమ్మ నీకు ఫోన్ చేసి నా గురించి అడుగుతుంది కదా, ఏం చెబుతున్నావు? మొన్న నన్ను ఎగాదిగా చూసి, "మీ అక్క చాలా మంచావిడ" అంది. తిట్టినట్టే ఉంది.

నీ తమ్ముడు


ప్రియమైన కోపిష్టి తమ్ముడికి,

నీ ఉత్తరం టీ గదిలో చదువుకుని ఒక్కదాన్నే నవ్వాను. హెడ్ నర్సు వచ్చి ఏమైందని అడిగితే, మా తమ్ముడికి మనశ్శాంతి పట్టుకుందన్నాను. మందులేమైనా వాడుతున్నారా అంది.

ఒరేయ్, వెళ్ళు. ఎవరి సంతకం కోసమైనా వెళ్ళు. ఒకరు తోస్తే తప్ప నువ్వు దేవుడి వైపు చూసే రకం కాదు. నేను రోజూ డ్యూటీకి ముందు కాసేపు కళ్ళు మూసుకుని కూర్చుంటానని నీకు తెలుసు. నీ పేరు చెప్పకుండా లేచిన రోజు లేదు. నువ్వు జైలుకి వెళ్ళకుండా ప్రొబేషన్ మీద బయటపడ్డావంటే అది లాయరు తెలివి అనుకుంటున్నావేమో, నేను అనుకోవట్లేదు.

ఆఫీసరమ్మకి ఏం చెబుతున్నానని అడిగావు. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. వాడికి కోపం ఎక్కువ, మనసు మంచిది, తాగడు, డబ్బు పంపుతాడు, దేవుణ్ణి వెక్కిరిస్తాడు. ఇంతే. నేను అబద్ధం ఆడనని నీకు తెలుసు. చిన్నప్పుడు నువ్వు ఎదురింటి కిటికీ అద్దం పగలగొడితే నాన్నకి చెప్పింది నేనే కదా. నన్ను వారం రోజులు వెలేశావు. నీకోసం అప్పుడూ ఆడలేదు, ఇప్పుడూ ఆడను. అందుకే ఆవిడ నా మాట నమ్ముతుంది.

నోరు జాగ్రత్త, చెయ్యి అంతకన్నా జాగ్రత్త.

ప్రేమతో,
అక్క


ప్రియమైన అక్కకి,

ఈసారి వెక్కిరించను. మొన్న గురువారం ఒక సంగతి జరిగింది. ఎవరికైనా చెప్పకపోతే తల పగిలిపోయేట్టుంది.

మా గుంపులో వంట పెద్దమ్మ అని ఒకావిడ ఉంది. హాస్టల్లో వంటమనిషి. స్టోరు రూములోంచి సరుకులు తీసిందని కేసు. తీశానని ఒప్పేసుకుంది, అందుకే ప్రొబేషన్. ఇన్ని వారాల్లో ఆవిడ నోరు తెరవగా నేను చూడలేదు. మొన్న సారు ఎప్పటిలాగే బరువు దించుకోండి అనగానే, "నేను దించుతాను" అంది.

కూతురికి నొప్పులు మొదలయ్యాయట. కష్టమైన కాన్పని డాక్టర్లు భయపెట్టారట. పక్క ఊరే. వెళ్ళి రావడానికి అనుమతి ఇప్పించమని పెద్దమ్మ ఆఫీసరమ్మని అడిగితే, అర్జీ పై అధికారులకి పంపాను, జవాబు రానీ అందట. పైనుంచి ఏమీ రాలేదు. పెద్దమ్మ తెల్లవారి బస్సెక్కేసింది. బిడ్డ పుట్టేదాకా ఉండి, ఎత్తుకుని, సాయంత్రానికి వచ్చేసింది. ఎవరికీ తెలియదు.

"క్షమించమని దేవుణ్ణి అడుగుదామని రోజూ కూర్చుంటున్నాను, నోరు రావట్లేదు. తప్పు చేశాననిపిస్తే కదా అడగడానికి" అంది పెద్దమ్మ. "జైలంటే భయమేస్తోంది. ఆ పిల్ల పెద్దదయ్యేసరికి ఉంటానో లేదో. అటు క్షమాపణా అడగలేను, ఇటు భయమూ పోదు. నేనేం చెయ్యాలి?"

డ్రైవరు చొక్కా అంచుతో మొహం తుడుచుకున్నాడు. నవ్వుల సారు మొహంలో మొదటిసారి నవ్వు లేదు. "పాప ఎలా ఉందమ్మా?" అని మాత్రం అడిగాడు.

నాకూ కళ్ళు తడిశాయి. ఇందులో సిగ్గుపడేదేముంది. ఇంటికి నడిచి వస్తూ నీ దేవుడితో మాట్లాడాను. ఏమడిగానో తెలుసా? "ఆవిడ సంగతి నీకు ఎలాగూ తెలుసు, నోరు మూసుకుని ఉండు" అన్నాను. దాన్ని ప్రార్థన అంటారో అనరో నువ్వే చెప్పాలి.

నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

నీ తమ్ముడు


నా బంగారు తమ్ముడికి,

అది ప్రార్థనే రా. అంతకన్నా మంచి ప్రార్థన నేనూ చెయ్యలేదు.

ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. ఇంకొకరి బాధ విని నువ్వు ఏడ్చావన్న మాట దగ్గర ఆగిపోయి, అక్కడే మళ్ళీ మళ్ళీ చదివాను. నీకోసం నేను అడిగిందల్లా ఇదే. ఉద్యోగం అడగలేదు, కేసు కొట్టేయమని అడగలేదు, వాడి మనసు కాస్త కరిగించు అని అడిగాను.

నిన్న ఆఫీసరమ్మ నెల ఫోన్ కూడా వచ్చింది. నా గొంతులోనే సంతోషం తెలిసిపోయినట్టుంది, ఆవిడా సంతోషించింది, చాలాసేపు మాట్లాడింది. ఈసారి రిపోర్టు బాగా రాస్తానంది. బాయిలర్ ఫ్యాక్టరీకి వేసుకోవడానికి మంచి చొక్కాలు రెండు చూసి ఉంచనా?

ప్రేమతో,
అక్క


అక్కకి,

చొక్కాలు వద్దు. మనశ్శాంతీ వద్దు. ఏమీ వద్దు.

పెద్దమ్మని తీసుకుపోయారు. సోమవారం సంతకానికి వస్తే బెంచీ మీదనుంచే లేపి తీసుకుపోయారు. షరతు మీరి ఊరు దాటిందట. ఆస్పత్రికి మనిషిని పంపి ఆరా తీస్తే, కూతురి మంచం పక్కన ఎవరో పెద్దావిడ ఉందని ఒకరన్నారట, ఎవరినీ చూడలేదని ఇంకొకరన్నారట. ఇంకో వారంలో జడ్జి ముందు విచారణ. రుజువైతే మిగిలిన శిక్షంతా లోపలే.

ఎవరు చెప్పారంటావ్? ఆ గదిలో ఉన్నది మేము నలుగురం, ఆ పళ్ళికిలించే పెద్దమనిషి. మా నలుగురి మెడలూ ఒకే కత్తి కింద ఉన్నాయి, మేమెందుకు చెబుతాం? గది దాటదు అంటూనే మెట్లు దిగి చెవిలో ఊది ఉంటాడు. "పాప ఎలా ఉందమ్మా" అట! ఆ మాట తలుచుకుంటే ఒళ్ళు మండిపోతోంది. దేవుడి పేరు చెప్పి నోరు తెరిపించి, తెరిచిన నోట్లో మన్ను కొడతారా? పోలీసోడు నయం కదా అక్కా, వాడు కనీసం లాఠీ చూపించి అడుగుతాడు.

గురువారం వెళ్ళాను. ఆయన ఇంకా కుర్చీలు సర్దుతున్నాడు. కాలర్ పట్టుకుని గోడకి ఆనించాను. "నేను కాదు నాయనా" అన్నాడు. "ఆవిడకీ ఇలాగే నవ్వుతూ చెప్పావా?" అని చెయ్యెత్తాను. డ్రైవరు వెనకనుంచి నన్ను వాటేసుకుని, "నాలుగు నెలలురా, నాలుగు నెలలు" అని చెవి దగ్గర అరుస్తూనే ఉన్నాడు. కొట్టలేదు. కొట్టనందుకు ఇప్పటికీ చెయ్యి దురదపెడుతోంది.

ఆయన ఫిర్యాదు చేస్తే నేనూ లోపలికే. చెయ్యనీ. నీ దేవుడికి చెప్పు, నాతో పని లేదని.

తమ్ముడు


ప్రియమైన తమ్ముడికి,

వెంటనే రాయలేకపోయాను. డ్యూటీలు ఎక్కువగా ఉన్నాయి.

ఆ సారే చెప్పాడని నీకు ఎవరు చెప్పారు? కళ్ళతో చూశావా? రుజువు లేకుండా ఒక మనిషి మీద చెయ్యి వెయ్యకు. వీలైతే వెళ్ళి క్షమించమని అడుగు.

పెద్దమ్మ కూతురు ఏ ఆస్పత్రిలో ఉందో తెలిస్తే రాయి. నేను కనుక్కుంటాను.

అక్క


అక్కకి,

నీ చిన్న ఉత్తరం అందింది. అంత చిన్న ఉత్తరం నువ్వెప్పుడూ రాయలేదు. ఎందుకు రాశావో ఇవాళ విచారణలో తెలిసింది.

జడ్జి ఆఫీసరమ్మని అడిగాడు, మీకెలా తెలిసిందని. ఆవిడ కాగితం తిప్పి, "ఈ వెల్డరు అక్కగారు ఫోన్‌లో చెప్పారండీ. ఈయన ఆవిడకి ఉత్తరంలో రాశారట" అంది. అందరి ముందూ. పెద్దమ్మ అక్కడే నిలబడి ఉంది. ఆవిడ తల తిప్పి నన్ను చూసిన చూపు... కొట్టినా బాగుండేదక్కా.

నా మనసు ఎంత కరిగిందో ఆఫీసరమ్మకి చూపించాలనుకున్నావు కదా? ఎవరి బాధకి కరిగిందని ఆవిడ అడిగి ఉంటుంది. నువ్వు చెప్పి ఉంటావు. మంచావిడవి కదా! అడిగితే అబద్ధం ఆడవు కదా! ఎదురింటి అద్దం నాటి నుంచీ ఇంతే నువ్వు. నీ నిజం ఎవరి నెత్తిన పడుతుందో చూసుకోవు. దేవుడు మెచ్చుకుంటే చాలు, మనుషులు ఏమైపోతే నీకెందుకు?

నన్ను మాత్రం ఏం మెచ్చుకోవాలి? గది దాటకూడని మాటని గది దాటించింది నేను. తలలో పెట్టుకోలేక కాగితం మీద పెట్టాను. ఇద్దరం కలిసి ఆవిణ్ణి పట్టించాం. ఆ సారు వెనక బెంచీలో కూర్చుని ఉన్నాడు. నా మీద ఫిర్యాదు చెయ్యలేదట. ఆయన మొహం చూడలేక గోడ చూశాను.

ఇక విను. జడ్జి నన్ను బోనులోకి పిలిచి, ఆ గదిలో ఈవిడ ఆ మాట అనగా విన్నావా అని అడిగాడు. వినలేదన్నాను. అక్కకి రాశావా? రాయలేదన్నాను. "అయితే మీ అక్క అబద్ధం చెప్పిందా?" అన్నాడు. నేను నోరు మూసుకున్నాను. సారునీ, డ్రైవరునీ అడిగాడు. డ్రైవరు, ఆ రోజు నిద్రపోయానండీ అన్నాడు. సారు, ఆ గదిలో మాట బయట చెప్పనండీ, శిక్ష వేస్తే వెయ్యండి అన్నాడు. దాంతో విచారణ వచ్చే వారానికి వాయిదా వేసి నిన్ను పిలిపించారు. నోటీసు వస్తుంది.

నువ్వు నిజం చెబితే పెద్దమ్మ లోపలికి వెళ్తుంది. జడ్జి ముందు అబద్ధమాడినందుకు నేనూ వెళ్తాను. అబద్ధం చెబితే నీ దేవుడు నిన్నేం చేస్తాడో నాకు తెలియదు. ఏం చెయ్యమనీ నేను అడగను. అడిగే హక్కు లేదు, అడగాలని కూడా లేదు. కోర్టులో నాతో మాట్లాడకు.

తమ్ముడు


ఒరేయ్ తమ్ముడూ,

మాట్లాడొద్దన్నావని మాట్లాడలేదు. నీ మొహం చూడకుండా బస్సెక్కింది కూడా అందుకే అనుకుంటున్నావేమో, కాదు. నీ మొహంలో ఎక్కడైనా సంతోషం కనిపిస్తుందేమోనని భయపడ్డాను. కనిపిస్తే అక్కడే చెంప పగలగొట్టేదాన్ని.

నీ ఉత్తరం చదివి నాకు ఎంత కోపం వచ్చిందో రాయడం చేతకావట్లేదు. అలవాటు లేని పని. నీ మీద కోపం, నువ్వు రాసిందంతా నిజమైనందుకు. ఆ ఆఫీసరమ్మ మీద కోపం. "అయ్యో, ఎవరండీ పాపం, ఏం కష్టం వచ్చింది ఆవిడకి?" అని ఎంత ఆప్యాయంగా అడిగిందిరా! నేను రోగుల దగ్గర వాడే గొంతు అది. ఆ గొంతుతో అడిగితే ఎవరైనా చెబుతారు. నేనూ చెప్పాను, పొంగిపోతూ, నా తమ్ముడి గొప్ప చెప్పుకుంటున్నానని.

కోర్టు వరండాలో, కానిస్టేబులు వెంట వచ్చిన పెద్దమ్మ నా పక్కకే వచ్చి కూర్చుంది. నేనెవరో ఆవిడకి తెలుసు. తిడుతుందని చూశాను. "నర్సువటగా అమ్మా? పాపకి కళ్ళు పచ్చగా ఉన్నాయని కూతురు కబురు పంపింది. భయమా?" అంది. చాలామంది పిల్లలకి వచ్చేదేనండీ, డాక్టరుకి మాత్రం వెంటనే చూపించమనండి అన్నాను. "నేను దగ్గరుంటే చూపించేదాన్ని" అంది. ఆ తర్వాతే నన్ను పిలిచారు.

ఒట్టు వేయించారు, వేశాను. వేసిన నోటితోనే చెప్పాను: "మా తమ్ముడికి ఉత్తరం రాయడమే బద్ధకం, రాసినా ఇనుమూ పొగా తప్ప ఏమీ ఉండవండీ. ఆ కాన్పు కథ మా వార్డులో ఎవరో చెప్పగా విన్నది. వాడికి మంచి పేరు రావాలని, వాడు విని ఏడ్చినట్టు నేనే అల్లాను." ఆఫీసరమ్మ లేచి, అప్పుడు మనిషి ఆనవాళ్ళతో సహా చెప్పారు కదా అంది. "మీరు ఒక్కొక్కటే అడిగారు, నేను ఒక్కొక్కటే అల్లాను" అన్నాను. గొంతు వణకలేదు.

జడ్జి కళ్ళజోడు తీసి అడిగాడు. "ఇన్ని నెలలుగా మీ తమ్ముడి గురించి మీరు చెప్పినవన్నీ ఇలాంటివేనా?"

అక్కడ ఆగానురా. నువ్వు తాగవని, డబ్బు పంపుతావని, మనసు మంచిదని నేను చెప్పినవన్నీ ఒక్కమాటతో తుడిచెయ్యాలి. అవి ఉంచి ఇదొక్కటే అబద్ధమంటే ఎవరూ నమ్మరు. "అన్నీ ఇలాంటివేనండీ" అన్నాను.

పెద్దమ్మని వదిలేశారు. ఆస్పత్రి వాళ్ళ మాటలు పొసగలేదు, చూశామని గట్టిగా చెప్పేవాళ్ళు లేరు. నీకేమైందో నీకు తెలుసు. ఇంకో ఏడాది పొడిగించారు. బాయిలర్ ఫ్యాక్టరీ వాళ్ళు ఏడాది ఆగరు. నా పూచీ కొట్టేశారు. ఇలాంటి మనిషి మాట మీద ఎవరినీ బయట ఉంచలేమని జడ్జి అందరూ వినేట్టు చెప్పాడు. పదిహేను రోజుల్లో ఇంకో పూచీదారు దొరక్కపోతే నువ్వూ లోపలికే. ఆ సారుని అడుగు. మాట చెప్పనని జడ్జి మొహం మీద చెప్పిన మనిషి ఆయన. కాలర్ పట్టుకున్న చేత్తోనే ఆయన చెయ్యి పట్టుకుని అడుగు. సిగ్గయితే సిగ్గుపడుతూ అడుగు. ఉద్యోగం పోయిందని నా దగ్గర ఏడవకు. నాకూ ఏడుపొస్తోంది, ఎవరి దగ్గరా ఏడవట్లేదు.

నన్ను క్షమించానని మాత్రం రాయకు. నేనూ రాయను. కొన్నాళ్ళు ఇలాగే ఉందాం.

ఇవాళ పొద్దున్న డ్యూటీకి ముందు ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని కూర్చున్నాను. మెల్లగా మొదలుపెట్టబోయాను, చేతకాలేదు. తిట్టడం మొదలుపెట్టాను. ఒక ముసల్ది మనవరాలిని ఎత్తుకోవడానికి దొంగలా బస్సెక్కాల్సి వస్తే ఏం చేస్తున్నావని అడిగాను. మనుషుల్ని ట్యాంకులోకి దింపినవాడు మేనేజరైతే ఏం చేస్తున్నావని అడిగాను. నిజం చెబితే జైలు, అబద్ధం చెబితే విడుదల, ఇదేం లెక్క, ఎవడు నేర్పాడు నీకు అని అడిగాను. ఇన్నేళ్ళూ ఆయన దగ్గర నర్సులాగే మాట్లాడాను, గొంతు తగ్గించి, నవ్వుతూ, ఏమీ కాలేదన్నట్టు. ఇవాళ మత్తు దిగిన పేషెంటులా అరిచాను. పక్కింటివాళ్ళు గోడ కొట్టారు. అయినా ఆపలేదు.

డ్యూటీకి ఆలస్యమైంది. హెడ్ నర్సు గుమ్మంలోనే నిలదీసింది, ఇంతసేపు ఏం చేస్తున్నావని. ప్రార్థన చేసుకుంటున్నానన్నాను. అది మాత్రం అబద్ధం కాదు.

నీ పూచీకి పనికిరాని
అక్క